మోకు తోక పట్టినవాడు

పాతాళగళం అనే ఆ లోయకు అడుగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఉదయపు ఎండ ఇవతలి చరియలకు కుంకుమ పూసి, రాళ్ళ పగుళ్ళలో పగడపు చారలు గీసి, సరిగ్గా లోయ అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. కిందికి దిగదు. అవతల నూరు బారల దూరంలో గద్దముక్కు కొండ ఒక్కటే నిలబడి ఉంటుంది. దాని మీద చెట్టు లేదు, పిట్ట లేదు. కొండ నడుమ ఒక గుహ. ఆ గుహలోంచి సన్నగా, నీలంగా, ఎప్పుడూ ఆగని పొగ.

ఆ ఎండలో ఒక నల్లగుర్రం ప్రాణాలకు తెగించి పరుగెత్తుతోంది. దాని వెనక మూడు పొగతోడేళ్ళు. వాటికి ఎముకల్లేవు, మాంసం లేదు, పళ్ళు మాత్రం ఉన్నాయి. గుర్రం మీది యువకుడు వెనక్కి తిరిగి కత్తి ఝళిపించాడు. పొగను కోసినంత తేలిగ్గా కత్తి మొదటి తోడేలు మెడలోంచి దూసుకుపోయింది. తోడేలు మాత్రం పడలేదు. రెండోది ఎగిరి గుర్రం తొడ పట్టుకుంది. గుర్రం కూలింది. యువకుడు దొర్లుతూనే జీనుకు కట్టిన నీళ్ళ తిత్తి చీల్చి మూడింటి మీదా విసిరికొట్టాడు. సుయ్‌మంది. నేల మీద మూడు గుప్పెళ్ళ తడి బూడిద మిగిలింది.

గుర్రం ఇక లేవలేదు. దాని తల ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసి, అతను పైకి చూశాడు. మిట్ట మీద నలభైమంది ఆడా మగా చేతుల్లో జనపనార పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు. నీళ్ళు కావాలా అని ఒక్కరూ అడగలేదు.

"సచ్చిందా?" అన్నాడు వాళ్ళలో ఒక పొట్టివాడు. వాడి పేరు బుడ్డన్న.

"చచ్చింది."

"నువ్వేనా కొత్త పెత్తందారువి?"

"నేనే. బైరన్న అంటారు."

"ఏడోవోడు" అన్నాడు బుడ్డన్న వెనక్కి తిరిగి, లెక్క అప్పజెప్పినట్టు. నలభైమందీ పనిలోకి వెళ్ళిపోయారు.

అతని పేరు బైరన్న కాదు. అతను చంద్రశిలా రాజ్యపు యువరాజు రణకేతుడు. అతని చెల్లెలు కువలయను ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి ఆ ఎదుటి గుహలో బంధించాడు. నేటికి ఎనిమిదో రోజున, సూర్యుడు నడినెత్తికి వచ్చి మనిషి నీడ మనిషి కాలి కిందే ఇమిడిపోయే గడియలో, ఆమెను అగ్నిగుండానికి బలి ఇస్తాడు. సేనలకు రెక్కలు లేవు. లోయ దాటడానికి ఒక్కటే దారి, నూట ఇరవై బారల మోకు. అంత పొడుగు మోకు పేనగల చేతులు ఈ నారవాడలో తప్ప ఎక్కడా లేవు.

"తమరి పేరు గాని, తండ్రిగారి పేరు గాని అక్కడ ఎత్తకండి ప్రభూ. ఎత్తితే నార కింద పడేసి పని మానేస్తారు" అని వృద్ధమంత్రి చెప్పి పంపించాడు. ఎందుకు అని అడిగితే తల దించుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట మహారాజు విక్రమకేసరి ఇక్కడికి తనిఖీకి వచ్చి ఏదో చేసి పోయాడట. అదేమిటో కోటలో ఎవరికీ గుర్తులేదు. కోటల్లో అలాంటివి గుర్తుపెట్టుకోరు.

మోకు పేనే చోటును పేనుబాట అంటారు. లోయ అంచు వెంబడి బాణంలా సాగిన చదునైన దారి అది. తల దగ్గర మనిషెత్తు పురిచక్రం ఉంటుంది, నలుగురు తిప్పుతారు. దారి పొడవునా మిగిలినవాళ్ళు బారులు తీరి, మూడు పాయలకూ తడినార అందిస్తూ, దువ్వుతూ, పురి ఎక్కుతున్న మోకును అరచేతులతో నిమురుతూ ఉంటారు. ఆ చివర, తోక దగ్గర, మోకు కొసను ఒక రాతిస్తంభానికి బిగించారు. స్తంభం మీద రాజముద్ర. పెత్తందారు కూర్చోవడానికి తల దగ్గర ఒక అరుగు, అరుగు మీద తాటాకు గొడుగు.

యాభై గుర్రాలతో కాపలా ఉన్న దండనాయకుడు ఉగ్రమల్లుడు కొత్త పెత్తందారు చేతికి ఒక కొరడా ఇచ్చాడు. "నీకు ముందు వచ్చిన ఆరుగురిలో ముగ్గురు దీన్ని వాడారు. ఇద్దరు పట్టుబట్టలు పంచారు. ఒకడు విందులు పెట్టాడు."

"ఏది పనిచేసింది?"

"విందులే. బాగా తిన్నారు."

రణకేతుడు కొరడాను అరుగు కింద పడేశాడు. మనిషి చేత పని చేయించాలంటే మెచ్చుకోవాలని గురుకులంలో నేర్పారు. నేర్పినవాళ్ళెవరూ ఎన్నడూ తాడు పేనలేదు. సూర్యుడు వాలేసరికి ఇరవై బారల మోకు తయారై నాగుపాము వీపులా మెరుస్తోంది. అతను అరుగు దిగి వచ్చి అందరికీ వినపడేలా అన్నాడు: "ఇంత నున్నటి మోకు నేనింతవరకూ చూడలేదు. మీ చేతులకు దండం పెట్టాలి!"

బారులో ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కసారిగా వాడిపోయాయి. అందరిలోకీ పెద్దదైన ఈరవ్వ నెత్తి మీద కొంగు సర్దుకుని నేల మీద కూలబడింది. తల దగ్గర నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పురిచక్రాన్ని వెనక్కి తిప్పడం మొదలెట్టారు. పొద్దుటి నుంచీ పేనిన మోకు పురి వదిలి మూడు పాయలై జారిపోతోంది.

"ఏం చేస్తున్నారు!" అని అరిచాడు రణకేతుడు.

"కనపళ్ళేదా సామీ? ఇప్పుతాండాం" అన్నాడు బుడ్డన్న.

"ఎందుకు?"

"నువ్వు మెచ్చుకుంటివి కదా."

"మెచ్చుకుంటే?"

జవాబు ఈరవ్వ చెప్పింది. "బరువు మోయని మోకును మెచ్చుకుంటే అది మోసం నేర్చుకుంటాది. రేపు దాని మీద ఒక మనిషి యాలాడినప్పుడు, నేను బాగుండానని అందురూ అన్నారు కదా అని ఊరికే తెగిపోతాది. మెచ్చిన మోకును మేం మనిషికియ్యం."

"తెలియక అన్నానవ్వా."

"తెల్సుకునేకి నోరుండాది కదా. పొద్దన్నించీ ఆ అరుగు మీద కూచ్చోని మమ్మల్ని ఒక్క మాట అడిగితివా?"

"గొడుగు కింద సల్లగుంటాదిలే అవ్వా. నోరు పెగల్దు" అన్నాడు బుడ్డన్న.

ఒక రోజు పోయింది. వాళ్ళంతా ఒకచోట గుమిగూడి సంకటి తింటూ నవ్వుకుంటుంటే రణకేతుడు అరుగు మీద ఒక్కడే కూర్చుని తిన్నాడు. పెత్తందారుకు వేరే విస్తరి వేయడం అక్కడ ఆచారం. అది మర్యాద కాదని అతనికి ఆ పూటే తెలిసింది.

రెండో రోజు అతను గొడుగు మడిచేశాడు. ఒక్క మాట కూడా అనకుండా పేనుబాట వెంట అటూ ఇటూ తిరిగాడు. మధ్యాహ్నానికి మోకు బిగుసుకుని వీణతీగలా పాడటం మొదలెట్టింది. ఆ పాట విని ఆడవాళ్ళు వెనక్కి జరుగుతూనే ఉన్నారు, అంతలో స్తంభం దగ్గర ఫెళ్ళున తెగింది. తెగిన కొస కొరడాలా లేచి బుడ్డన్న భుజం చీల్చి, పేనుబాట పొడవునా నేలను చీరుకుంటూ పోయింది. రణకేతుడు పరుగెత్తి తన పైబట్ట చింపి గాయానికి కట్టుకట్టాడు.

"ఇది ఎన్నోసారి?"

"లెక్క బెట్టేది మానేస్తిమి సామీ" అన్నాడు బుడ్డన్న పళ్ళ బిగువున. "తొమ్మిదేండ్ల నుంచీ ఆ రాయి కాడనే తెగతాది."

"తొమ్మిదేళ్ళకు ముందు?"

ఈరవ్వ తెగిన కొసను చేతిలోకి తీసుకుని నిమురుతూ, అతనికేసి చూడకుండానే చెప్పింది.

"ముందు ఆడ రాయి లేదు. మా ఇంటాయన ఓబన్న ఉండె. పురి ఎక్కేకొద్దీ మోకు కురచయితాది అబ్బీ. కొస పట్టుకున్నోడు అడుగడుగు ముందుకు రావల్ల. తొందరపడి వస్తే మోకు వదులైతాది. రాకుండా నిలబడితే తెగతాది. ఎంత ఇయ్యల్ల, ఎంత పట్టల్ల, అది ఆయనకు తెల్సు. రాజు వచ్చినాడు. ఏనుగు దిగనన్నా దిగలే. 'ఇంతమంది ఒళ్ళొంచి పని చేస్తాంటే ఆ ముసలోడు ఉత్తగా తాడు పట్టుకోని నిలబన్నాడే! ఆ పని రాయి కూడా చేస్తాదే!' అన్నాడు. అందురూ నవ్వినారు. ఆ రాయి నాటించి పేరు చెక్కిచ్చుకోని పాయ. ఓబన్న చేతులు కడుక్కోని ఇంటికొచ్చినాడు. మళ్ళా వాన పడకముందే కన్ను మూసినాడు."

ఆ ఏనుగు మీద రాజు పక్కన పన్నెండేళ్ళ రాకుమారుడొకడు కూర్చుని ఉన్నాడు. అందరితోపాటు వాడూ నవ్వాడు. రణకేతుడికి ఇప్పుడు గుర్తొచ్చింది.

అతను గడ్డపార తీసుకుని నేరుగా స్తంభం దగ్గరికి నడిచాడు. మొదటి పోటుకే ఉగ్రమల్లుడు గుర్రం దూకించి వచ్చాడు.

"ఒరే బైరన్నా! అది రాజముద్ర ఉన్న రాయి! ముట్టుకుంటే తల తీసేస్తాను!"

"తీయి."

కత్తి గాలిని కోస్తూ వచ్చింది. రణకేతుడు గడ్డపారతో దాన్ని పైకెగరగొట్టి, అదే ఊపులో రెండో కొసతో గుర్రం పట్టీ తెంచాడు. దండనాయకుడు జీనుతో సహా నేల కరిచాడు. లేచి చూసేసరికి స్తంభం వాలుతోంది. ఒక్క తోపుతో అది లోయలోకి దొర్లిపోయింది. మోకు పూర్తికాకముందే పెత్తందారును చంపితే రాజుకు తానే జవాబు చెప్పుకోవాలని తోచి ఉగ్రమల్లుడు పళ్ళు కొరుక్కుని ఆగిపోయాడు. అడుగు తగిలిన చప్పుడు వినపడుతుందేమో అని నలభైమందీ చెవులు రిక్కించారు. వినపడలేదు.

మూడో రోజు తెల్లవారగానే రణకేతుడు మోకు కొసను నడుముకు చుట్టి, రెండు చేతులా పట్టుకుని తోక దగ్గర నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు, రమ్మనలేదు. చక్రం తిరిగింది.

ఆ చోటంత ఒంటరి చోటు ఆ రాజ్యంలో మరొకటి లేదు. వెనక లోయ. ముందు నూట ఇరవై బారల అవతల మనుషులు చీమల్లా కదులుతుంటారు. వాళ్ళు పాడుకుంటే పెదవులు కదలడం కనపడుతుంది, పాట వినపడదు. నవ్వుకుంటే దేనికో తెలియదు. మొదటి రోజే అరచేతుల తోలు ఊడిపోయింది. రెండు జాములకల్లా వీపు కొయ్యబారింది. వెళ్ళి ఎవరి పక్కనైనా కూర్చుందామంటే తోక వదలకూడదు.

కానీ మోకు మాట్లాడుతుంది. మొదట అతనికి అది వట్టి లాగుడుగానే తోచింది. నాలుగో రోజుకు లాగుడులో లాగుడు వేరుగా తెలిసింది. గాయపడ్డ భుజాన్ని కాచుకుంటూ బుడ్డన్న చెయ్యి ఎడంగా ఆనుతుంది. ఈరవ్వ చెయ్యి దేవుడికి దీపం పెట్టినంత నెమ్మదిగా ఆనుతుంది. మధ్యాహ్నం ఆకలి వేళకు అన్ని చేతులూ ఒక్కసారి బరువెక్కుతాయి. అప్పుడతను అర అడుగు ముందుకొచ్చి పురి వదిలేవాడు. వాళ్ళు ఊపిరి పీల్చుకున్నట్టు మోకు మెత్తబడేది. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నడుమ ఎక్కడో ఒక చెయ్యి పదే పదే జారుతోంది. రణకేతుడు చెయ్యెత్తి పని ఆపించి, కొసను మేకుకు చుట్టి, బారు వెంట నడిచాడు. సుంకులమ్మ అనే నడివయసు మనిషి దగ్గర ఆగాడు.

"నీ చెయ్యి ఎందుకు జారుతోందమ్మా?"

ఆమె బెదిరిపోయి చేతులు కొంగులో దాచుకుంది. "పని సరిగ్గానే చేస్తాండాను సామీ."

"చేస్తున్నావు. అందుకే అడుగుతున్నాను."

చేతులు చూపించింది. జిగురు. నార పట్టుకోగానే పాచిలా జారుతోంది. పైన వాగులో దండనాయకుడి గుర్రాలు దిగి నీళ్ళు బురద చేస్తున్నాయి. ఆ నీళ్ళే నార నానేసే మడుగులోకి వస్తున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆర్నెల్లాయె."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి చెప్పల్ల సామీ? రాయికా?"

రణకేతుడు వాగు దగ్గరికి వెళ్ళి, యాభై గుర్రాలనూ తానే తోలుకుంటూ మడుగు దిగువకు తెచ్చి కట్టేశాడు. రౌతులు అడ్డం వస్తే ఇద్దరిని నీళ్ళలోకి విసిరాడు. తిరిగి వచ్చి తోక పట్టుకున్నాడు. చీకటి పడబోతుండగా చూస్తే అతని పక్కన రాతి మీద మజ్జిగ ముంత ఉంది. ఎవరు పెట్టారో చూద్దామని తల ఎత్తాడు. అందరూ అప్పటికే దూరంగా ఉన్నారు.

ఏడో రోజు మధ్యాహ్నానికి తొంభై బారలు పూర్తయ్యాయి. ఇంకా ముప్ఫై. అదే వేళకు చెవులకు పచ్చరాళ్ళు, మెడలో పులిగోళ్ళు, వెనక ఒంటె మీద పెద్ద భేరితో ఒక వర్తకుడు పేనుబాట తల దగ్గర దిగాడు.

"ఉత్సాహభేరి దొరా!" అన్నాడు ఉగ్రమల్లుడి చెవిలో. "ఒక్క దెబ్బ వేస్తే చాలు. కొట్టినవాడికి తప్ప, విన్నవాడికి ఆకలి లేదు, అలుపు లేదు, ఇల్లు గుర్తురాదు. సాయంత్రానికి నీ ముప్ఫై బారలు నీ ముందుంటాయి. ఆ గడ్డపారవాడి పేరు కాదు, నీ పేరు చెప్పుకుంటారు."

ఉగ్రమల్లుడు కర్ర అందుకుని భేరి మీద బలంగా కొట్టాడు.

నలభైమంది కళ్ళూ తెల్లబడ్డాయి. చక్రం ఈదురుగాలికి చిక్కినట్టు గిరగిరా తిరిగింది. బారలకు బారలు పురి ఎక్కుతోంది. గాయం కట్టు ఊడి రక్తం కారుతున్నా బుడ్డన్నకు తెలియడం లేదు. సుంకులమ్మ కాలు తగిలి ఈరవ్వ పడిపోతే ఆమె మీదుగానే తొక్కుకుంటూ పోతున్నారు.

భేరి మోత చేరని తోక దగ్గర రణకేతుడు ఉలిక్కిపడ్డాడు. చేతిలో మోకు ఒక్కసారి మూగబోయింది. బుడ్డన్న లేడు, ఈరవ్వ లేదు, సుంకులమ్మ లేదు. నలభై చేతులూ ఒకే చెయ్యయ్యాయి, ఆ చెయ్యి మనిషిది కాదు. మోకు పాడుతోంది. ఇంకో పది గింగిరాలు తిరిగితే తెగుతుంది.

అతను కొస వదల్లేదు. వదిలితే ఆ బిగువుకు బారంతా ముక్కలైపోతుంది. నడుముకు మోకు చుట్టుకునే, అడుగడుగూ పురి వదులుతూ తల వైపు పరుగెత్తాడు. వర్తకుడు అతన్ని చూసి నవ్వి నోరు తెరిచాడు. నోట్లోంచి నాలుక బదులు నీలిపొగ చుట్టలు చుట్టలుగా వచ్చింది. ధూమ్రజిహ్వుడి శిష్యుడు! పొగ రణకేతుడి మెడకు చుట్టుకుంది. కళ్ళు చీకట్లు కమ్ముతుండగా అతను ఒరలోంచి కత్తి లాగి విసిరాడు, మనిషి మీదికి కాదు, భేరి మీదికి. తోలు చిరిగింది. లోపలి నుంచి ఎన్నో గొంతులు ఒక్కసారి ఏడ్చినట్టు శబ్దం వచ్చింది. వర్తకుడు, ఒంటె, పచ్చరాళ్ళు అన్నీ బూడిదై గాలిలో కలిశాయి.

నారవాడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. బుడ్డన్న తన రక్తం తానే చూసుకుని, "ఎవురిదిరా ఇది?" అన్నాడు.

భేరి మోతలో పేనిన మోకంతా పురి మించి ముళ్ళు పడింది. విప్పేయాల్సిందే. మిగిలింది మర్నాటి ఉదయం ఒక్కటే. ముప్ఫై బారలు. రెండు జాముల్లో అయ్యే పని కాదు. ఉగ్రమల్లుడు భేరి కర్ర చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. రణకేతుడు ఈరవ్వను లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, "ఇళ్ళకు పొండి. పడుకోండి" అన్నాడు అందరితో.

"రేపటికి కావల్లంటివే?" అంది ఈరవ్వ.

"కావాలి. కానీ చేతులు పని చేయాలి కదా. పొండి."

ఎనిమిదో రోజు అతను తొలికోడి కూయకముందే పేనుబాట చేరాడు. ఒక్కడినే కాసేపు నార దువ్వుదామనుకున్నాడు. చక్రం అప్పటికే, నడిరాత్రి నుంచీ, తిరుగుతోంది. నలభైమందీ బారులో ఉన్నారు. ఎవరు పిలిచారో తెలియదు. బుడ్డన్న దెబ్బతిన్న చేతిని ఛాతీకి కట్టుకుని ఒంటిచేత్తో నార అందిస్తున్నాడు.

"తోక కాడికి పో సామీ" అన్నాడు. "నువ్వొచ్చేదాంక మార్చి మార్చి పట్టుకుంటిమి."

సూర్యుడు నడినెత్తికి ఇంకా బల్లెమెత్తు దూరంలో ఉండగా నూట ఇరవై బారల మోకు పూర్తయింది. ఎవరూ దాన్ని మెచ్చుకోలేదు. కాపలా దండు తెచ్చి నిలబెట్టిన యంత్రధనుస్సుకు ఇనుపకొక్కెం బిగించి, దానికి మోకు తల కట్టి వదిలారు. అది లోయ మీదుగా గద్దలా ఎగిరి, అవతలి కొండ పగులులో ఠంగున నాటుకుంది.

"ఇవతలి కొస దేనికి కడతావు?" అన్నాడు ఉగ్రమల్లుడు. "రాయి పీకేశావుగా!"

నిజమే. అదంతా నున్నటి బండ. తోక చుట్టే మేకు మనిషి బరువు మోయదు, కట్టడానికి మోడు కూడా లేదు. ఈరవ్వ వెళ్ళి తోక పట్టుకుంది. ఆమె వెనక సుంకులమ్మ, బుడ్డన్న, నలభైమందీ. మడమలు బండ పగుళ్ళలో తన్నిపెట్టి నిలబడ్డారు.

రణకేతుడు మోకు ఎక్కబోతూ ఆగాడు. తన ప్రాణం ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళకు తానెవరో తెలియకపోవడం మంచిది కాదు.

"నా పేరు బైరన్న కాదు. నేను విక్రమకేసరి కొడుకును. ఓబన్నను చూసి నవ్వినప్పుడు ఆ ఏనుగు మీద నేనూ ఉన్నాను. నేనూ నవ్వాను. అక్కడున్నది నా చెల్లెలు. ఇష్టం లేకపోతే ఇప్పుడే మోకు వదిలేయండి. ఎక్కినాక వద్దు."

ఈరవ్వ అతని ముఖంలోకి చూసింది. మోకును వదల్లేదు.

"ఓబన్న సంగతి నువ్వు తిరిగొచ్చినాక మాట్లాడుకుందాం" అంది. "అది అంత సులభంగా తెగేది కాదు. నీ పొద్దు మించిపోతాండాది. ఎక్కు."

అతను ఎక్కాడు. కాళ్ళు మోకుకు మెలివేసి, చేయి మీద చేయి వేస్తూ లోయ మీదికి పాకాడు. కింద పాతాళగళం నోరు తెరుచుకుని ఉంది. నడిమధ్యకు చేరేసరికి గుహలోంచి నీలిమంట నాలుకలా సాగి మోకును నాకింది. తేటనీళ్ళలో నానిన నార చిటపటలాడి ఆవిరి చిమ్మింది, అంటుకోలేదు. మంట అతని జుట్టు, కనుబొమలు కాల్చేసి వెనక్కి పోయింది. అరచేతుల కింద నలభై చేతులు తెలుస్తూనే ఉన్నాయి. అతను ఊగితే అవి ఇస్తున్నాయి, జారితే పడుతున్నాయి. జన్మలో ఎన్నడూ అతన్ని అంతమంది ఒకేసారి పట్టుకోలేదు.

కాలు రాతి మీద ఆనింది. కొండ అంచు మీదికి పొర్లి లేచి నిలబడ్డాడు. నీడ బెత్తెడే ఉంది.

అప్పుడు కొక్కెం నాటిన బండ కళ్ళు తెరిచింది. అది బండ కాదు, కూర్చుని నిద్రపోతున్న రాతిభూతం. ఒళ్ళు విరుచుకుని లేచింది. కొక్కేన్ని భుజంలోంచి పీకి, మోకును రెండు చేతులా పట్టుకుని లాగడం మొదలెట్టింది.

రణకేతుడు కత్తితో దాని మోకాలి మీద కొట్టాడు. నిప్పురవ్వలు రాలాయి. కణత మీద కొట్టాడు. కత్తి మొన విరిగింది. భూతం అతన్ని చూడను కూడా చూడలేదు. బారలు బారలుగా లాక్కుంటోంది. అవతల నలభైమందీ బండ మీద జారుతున్నారు.

"వదలండి!" అని అరిచాడు. "నేను దిగిపోయాను! వదిలేయండి!"

లోయ గాలి ఆ మాటను మింగేసింది. చేతులూపాడు. పొగలో వాళ్ళకు అతను కనపడడం లేదు. అతనింకా మోకు మీదే ఉన్నాడనుకుంటున్నారు. ఈరవ్వ అంచుకు మూడడుగుల దూరంలో ఉంది. రణకేతుడు మోకు మీద చెయ్యి వేశాడు. ఇస్తున్నారు, పడుతున్నారు. ఇస్తున్నారు, పడుతున్నారు. వదలడం లేదు. రెండడుగులు.

ఆ మోకు తప్ప తిరిగి వెళ్ళడానికి దారి లేదు. అతనికీ లేదు, కువలయకూ లేదు.

విరిగిన కత్తి ఎత్తి తన బలమంతా పెట్టి నరికాడు. ఒక్క పాయ తెగింది. రెండోసారి నరికాడు. మూడోసారి.

మోకు తెగింది. బలంగా లాగుతున్న భూతం పట్టు తప్పి వెల్లకిలా పడి, చరియ అంచు విరుచుకుని, రాళ్ళవాన కురిపిస్తూ లోయలోకి పోయింది. అవతల నలభైమందీ ఒకరి మీద ఒకరు వెనక్కి పడ్డారు. ఎనిమిది రోజుల మోకు గాలిలో ఒక్కసారి లేచి, పాములా మెలి తిరిగి, అవతలి చరియకు వేలాడింది. పొగ మధ్య అంచు మీద ఒక ముసలి ఆకారం మోకాళ్ళ మీద కూర్చుని మోకును చేతికి చేయిగా పైకి లాగుతోంది. లాగి లాగి తెగిన కొస చేతికి వచ్చాక, దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయింది. అతను చచ్చాడనుకుందో, బతికాడనుకుందో.

భూతం చేతుల్లోంచి తెగిపడ్డ మూరెడు మోకు అతని కాళ్ళ దగ్గర మిగిలింది. వంగి చేత్తో పట్టుకున్నాడు. వట్టి నార. అందులో ఎవ్వరూ లేరు.

గుహలో గంట మోగింది. మొదటి గంట. నీడ పాదం అంచు దాకా వచ్చేసింది. రణకేతుడు విరిగిన కత్తితో లోపలికి ఉరికాడు. ఇరవై అడుగులు పోయేసరికి దారి రెండుగా చీలింది. ఎడమ దారిలో నీలివెలుగు ఆడుతోంది, ఎవరో ఏడుస్తున్నారు. కుడి దారిలో చీకటి, అక్కడా ఎవరో ఏడుస్తున్నారు. రెండు గొంతులూ కువలయవే.

రెండో గంట మోగింది. ఎటు పోవాలో అడగడానికి వెనక మనిషి లేడు. ఎడమ ఏడుపు భేరి మోతలా ఆగకుండా ఒకే తీరున సాగుతోంది, కుడి ఏడుపు మధ్య మధ్య ఊపిరికి తడబడుతోంది. రణకేతుడు చీకటిలోకి దూకాడు.